అమ్మ పాటా, నానోసెకను లెక్కా

అమ్మ గొంతు మా ఇంట్లో ఒకే ఒక్క కాసెట్‌లో మిగిలింది. 1987లో అట్లతద్దె నాడు ఇరుగుపొరుగు అమ్మలక్కలతో కలిసి ఆమె పాడిన పాటలవి. గత వేసవిలో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాను. పాత టేప్‌రికార్డర్‌లో మోటారు తిరుగుతోంది, హెడ్డు బాగుంది. ఆంప్లిఫయర్ మాత్రం ఏనాడో మూగబోయింది.

నా దగ్గర అరచేతిలో ఇమిడే క్లాస్-డి ఆంప్లిఫయర్ బోర్డులు రెండున్నాయి. హాల్లో స్పీకర్లను మోగించేవి అవే. వేడెక్కవు, కరెంటు వృథా చెయ్యవు. అంత పెద్ద శబ్దాన్ని అవలీలగా మోసేవాటికి ఈ చిన్న శబ్దం ఒక లెక్కా అనుకుని, రెండింటినీ వరుసగా తగిలించి హెడ్డుకు కలిపాను. వినిపించినవి ఒక ఈల, ఎడతెగని బుస. ఆ వెనుక ఎక్కడో అమ్మ ఉన్నదేమోనన్న అనుమానం, అంతే.

నేరం బోర్డులది కాదు, నాది. క్లాస్-డిలో ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లా పనిచేస్తాయి. శబ్ద సంకేతాన్ని ఒక త్రిభుజాకార తరంగంతో పోల్చి, దాన్నిబట్టి పల్స్ వెడల్పును మారుస్తారు. చివరన ఒక కాయిలూ కెపాసిటరూ ఆ పల్సులను సరాసరి చేసి పాటగా మారుస్తాయి. వేసిన స్విచ్చులో వోల్టేజీ, తీసిన స్విచ్చులో కరెంటు దాదాపు ఉండవు గనుక వృథా తక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. హెడ్డు ఇచ్చేది మిల్లీవోల్టులో మూడో వంతు అనుకుందాం. త్రిభుజ తరంగం ఒక వోల్టు పైకీ ఒక వోల్టు కిందికీ, సెకనుకు 4 లక్షల సార్లు ఊగితే ఒక్కో ఆవర్తనానికి 2.5 మైక్రోసెకన్లు. అమ్మ పాట వల్ల పల్స్ అంచు జరిగేది అర నానోసెకను కూడా కాదు! గడియారపు తడబాటూ, పోల్చే సర్క్యూటులోని రొదా ఆ కాస్త కదలికను కప్పెయ్యగలవు. 4 లక్షల హెర్ట్జ్ చెవికి అందదు నిజమే. కానీ రెండు బోర్డుల గడియారాలు కొద్ది తేడాతో నడిస్తే, ఆ తేడాయే ఈలగా వినబడుతుంది. పోనీ పొదుపా? ఇక్కడ పొదుపు చెయ్యడానికి శక్తే లేదు. పాట ఉన్నా లేకున్నా స్విచ్చులు మాత్రం ఆడుతూనే ఉంటాయి.

చివరికి తక్కువ రొద గల మామూలు ఆప్-ఆంప్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, కాసెట్‌కు తగిన 120 మైక్రోసెకన్ల సవరణ, వీటన్నిటినీ దాచడానికి బిస్కెట్ల రేకు డబ్బా. ఆ రాత్రి పాట వచ్చింది. పాట మధ్యలో ఎవరి మీదో విసుక్కోవడమూ వచ్చింది. ఆ విసుగు నాకు బాగా తెలుసు. తరచుగా అది నా మీదే.

మర్నాడు నాన్నగారికి వినిపించాను. ఆయన చెవిలోని వినికిడి యంత్రం 1.4 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. అందులోనూ మైకు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని ముందు తక్కువ రొద గల మామూలు ఆంప్లిఫయరే అందుకుంటుంది. చిట్టచివర చెవిలోకి పలికించే పని మాత్రం క్లాస్-డిది. నేను దూరం పెట్టిన స్విచ్చులే అమ్మ గొంతును ఆయనకు అందించాయి. ఏ పనిముట్టుకైనా తన చోటంటూ ఒకటుంటుంది కాబోలు.

పాట పూర్తయ్యాక నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ విసుక్కున్నది నా మీదేలేరా" అన్నారు.