జీతంలో ఇల్లెంత

నర్సు ఉద్యోగానికి మొదటిసారి దేశం దాటే అమ్మాయిని అందరూ అడిగేది జీతమెంత అనే. మా భావనపాడులో వలస వేటకు పోయే కుటుంబాలవాళ్ళు ఇంకోటి కూడా అడుగుతారు. నాన్న ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కి బోటు పనికి వెళ్ళేవాడు. సీజన్ అయ్యేదాకా పడక బోటు మీదే, తిండి ఓనరుదే. నెల జీతం ఎంతన్నది ఆ రెండూ తేలాకే మాట్లాడుకునేవారు. 2022లో రియాద్ ఆస్పత్రి నుంచి నాకు ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు కూడా ఆయన ముందుగా అడిగింది, "ఉండడానికి ఆళ్ళే ఇత్తారా, నువ్వే సూసుకోవాలా?" అని.

అప్పటికి విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌లో చేస్తున్నాను. చేతికి 16,000 వచ్చేది. హాస్టల్‌కి 6,000 పోయేది. బస్సులు, పైఖర్చులు పోను ఇంటికి 5,000 పంపగలిగితే ఆ నెల బాగున్నట్టు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన తీర్పు మీద కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుకి ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం ఇవ్వాలంది. 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా 20,000కి తగ్గకూడదంది. ఆ సిఫార్సు నా జీతం దాకా రాలేదు. చదువుకుని, రాత్రి డ్యూటీలు చేసి, పేషంటు ప్రాణం మిషన్ మీద నడుస్తుంటే కన్నార్పకుండా కాపలా కాసే మనిషికి ఆ మాత్రం ఇవ్వకపోవడం అన్యాయమని ఇప్పటికీ నమ్ముతాను. మా పక్కనున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళను కుంగదీయడం చూసి డయాలసిస్ నేర్చుకున్నాను. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు, అప్పటికే నేను రియాద్‌లో ఉన్నాను.

నా ముందు రెండు ఆఫర్లు ఉండేవి. రియాద్‌లో మూలవేతనం 4,000 రియాళ్ళు, ఆస్పత్రి క్వార్టర్స్‌లో గది, డ్యూటీకి బస్సు. దుబాయ్‌లో మొత్తం 5,500 దిర్హాములు. అందులో మూలవేతనం 2,500, ఇంటి అలవెన్సు 2,000, మిగతా 1,000 ఇతర అలవెన్సులు. రియాల్‌నీ దిర్హామ్‌నీ డాలరుకి కట్టేశారు: డాలరుకి 3.75 రియాళ్ళు, 3.6725 దిర్హాములు. అంటే రెండూ దాదాపు ఒకటే విలువ. పైకి చూస్తే దుబాయ్‌దే పెద్ద ఆఫర్. మా ఇంట్లో ఎక్కువమంది అటే మొగ్గారు.

దుబాయ్‌లో చేస్తున్న సీనియర్ అక్కకి ఫోన్ చేసి ఖర్చులు రాసుకున్నాను. గదిలో ఒక మంచానికి, అక్కడ బెడ్ స్పేస్ అంటారు, 1,200 దిర్హాములు. బస్సు, మెట్రోకి 350. ఇంటర్నెట్, కరెంటు వాటా 200. తిండి ఎక్కడైనా తినాలి కాబట్టి రెండు చోట్లా పక్కన పెట్టాను. మిగిలేది 3,750. రియాద్‌లో 4,000కి 4,000 మిగులుతుంది. పోనీ ఆ 2,000 అలవెన్సుతో సొంతంగా గది తీసుకోవచ్చు కదా అంటే, అక్కడ అద్దె సాధారణంగా ఏడాదికి లెక్కగట్టి, రాబోయే తేదీలు వేసిన చెక్కుల మీద కడతారు. డిపాజిట్టు, ఏజెంటు కమిషను వేరే. నివాస వీసా వచ్చి, జీతం ఖాతా తెరిచి, చెక్కుబుక్కు చేతికొచ్చేదాకా కొత్త మనిషికి దారి బెడ్ స్పేస్ ఒక్కటే. ఆ గదుల్ని చెక్కలతో అడ్డంగా చీల్చి ఇచ్చేవాళ్ళ మీద 2025లో దుబాయ్ మునిసిపాలిటీ దాడులు చేసింది. నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సుకి పగలు నిద్ర పట్టే చోటు కావాలి. అది లేకపోతే మందు డోసు దగ్గర చెయ్యి తడబడుతుంది.

గ్రాట్యుటీ లెక్క కూడా వేశాను. యుఏఈలో మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల మూలవేతనం ఇస్తారు. 2,500 మీద అది 1,750 దిర్హాములు. అలవెన్సులు అందులోకి రావు. సౌదీలో మొదటి అయిదేళ్ళకి ఏడాదికి సగం నెల జీతం, నా లెక్కన 2,000 రియాళ్ళు. గడువున్న కాంట్రాక్టు పూర్తి చేస్తే అంతా ఇస్తారు. రెండేళ్ళు నిండకుండా మనంతట మనం మానేస్తే పైసా రాదు.

అమెరికాలో ట్రావెల్ నర్సుగా తిరుగుతున్న బ్యాచ్‌మేట్‌ని అడిగితే అక్కడా ఇంటి డబ్బుతో ఇలాంటి చిక్కేనట. కాంట్రాక్టు చాలావరకు 13 వారాలు. గంట జీతం తక్కువ చూపి, ఇంటికీ తిండికీ వేరే స్టైపెండ్ ఇస్తారు. దాని మీద పన్ను ఉండకూడదంటే ఇంకో ఊళ్ళో శాశ్వత నివాసం ఉండి, దాని ఖర్చు కూడా నిజంగా మోస్తూ ఉండాలి.

వెళ్ళడానికి డబ్బు సమకూర్చుకోవడం ఇంకో పని. సర్టిఫికెట్ల పరిశీలన, ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష, మెడికల్, అటెస్టేషన్లు అన్నీ చేతి డబ్బే. మొదట కలిసిన ఏజెంటు రెండున్నర లక్షలు అడిగాడు. మన దేశ నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోదగింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. సౌదీ చట్టం ప్రకారం ఇఖామా (నివాస అనుమతి), వర్క్ పర్మిట్ ఫీజులు యజమానివే. కేంద్రం నడిపే ఇమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు చూసుకుని వేరే ఏజెన్సీకి వెళ్ళాను. నర్సులకి 2015 నుంచి గల్ఫ్ దేశాలకి ఆ పోర్టల్ ద్వారానే క్లియరెన్సు రావాలి. విదేశీ ఉద్యోగాలకి పంపే, విజయవాడలోని ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ని కూడా తప్పక వాకబు చెయ్యమని జూనియర్లకి చెబుతాను.

ఖర్చుకి ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. అంటే ఏడాదికి 36 శాతం. అమ్మ తన గొలుసు తీసి చేతిలో పెట్టి, "బేంకులో ఎట్టమ్మా, ఒకరి గుమ్మం కాడ మాట పడొద్దు" అంది. బ్యాంకులో వడ్డీ ఏడాదికి 9 శాతం. జీతం వచ్చిన నెల నుంచే ముందు ఆ అప్పు తీర్చాను.

సరిగ్గా అప్పుడే, 2023 ఏప్రిల్‌లో, మా ఊరి దగ్గర మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. మావయ్య రోజూ ఫోను: "పోర్టొత్తంది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంతావే గుంటా?" స్థలం కొననన్నాను. గొలుసు విడిపించాక వచ్చిన మొదటి మిగులు ఎన్ఆర్ఈ ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాను. ప్రవాసిగా ఉన్నంతకాలం ఆ వడ్డీకి మన దగ్గర పన్ను లేదు. యజమాని ఇచ్చిన గదిలో ఉండేవాళ్ళకి ఉద్యోగం పోయిన రోజే గది కూడా పోతుంది. అందుకని విమానం టికెట్టుకీ, ఇండియాలో మూడు నెలల ఖర్చుకీ సరిపడా డబ్బు ఎవరడిగినా కదపలేదు.

క్వార్టర్స్‌లో ఇబ్బందులు ఉన్నాయి. వేళకి లోపల ఉండాలి, బయటివాళ్ళని రానివ్వరు, వంటగది అందరిదీ. భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోవాలనుకునే వాళ్ళకి అలవెన్సే సరైనది, అందులో సందేహం లేదు.

2024లో కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఆస్పత్రివాళ్ళు గది వదిలేస్తే నెలకి 1,000 రియాళ్ళు ఇస్తామన్నారు. అంతకి రియాద్‌లో ఒంటరిగా ఫ్లాట్ రాదు. అక్కడ అద్దెలు ఎంతగా పెరిగాయంటే, 2025 సెప్టెంబరులో ప్రభుత్వం అయిదేళ్ళపాటు పెంచకూడదని ఆపేసింది. గది ఉంచుకుంటాను, మూలవేతనం 500 పెంచండి అని అడిగాను. సౌదీలో గ్రాట్యుటీ చివరి జీతం మీద కడతారు. ఇవాళ పెరిగిన 500, గడిచిన రెండేళ్ళ లెక్కలోకీ వెళ్తుంది. 400కి ఒప్పుకున్నారు, సంతకం పెట్టాను.