కదిలించకుంటే నీళ్లు తేరుకుంటాయి



ఈ నెల మీకు ఒక సీసా గురించి చెప్పాలి. పాత వాటర్ బాటిల్, అందులో నీళ్లు, కాసిన్ని మెరుపులు. అంతే. మా యూకేజీ క్లాసులో కిటికీ పక్కన ఉంటుంది. "మా టీచర్ దగ్గర కోపం బాటిల్ ఉంది" అని మీ పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. అది ఏ షాపులో దొరుకుతుందని కొందరు పేరెంట్స్ అడిగారు. షాపులో కొన్నది కాదు, నేనే చేశాను. ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

గత ఏడాది మా క్లాసులో ఒక బాబు ఉండేవాడు. ఇంట్లోవాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. దసరా సెలవుల వరకు అందరితో కలిసి ఆడుకునేవాడు. సెలవుల తర్వాత వచ్చిన మొదటి వారంలోనే ముగ్గురు పిల్లల్ని కొట్టాడు, ఒకరిని కొరికాడు. కొరికిన పంటి గుర్తులు చూసి ఆ పాప వాళ్ల అమ్మ ఎంత బాధపడిందో నాకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. నేను చేసిందల్లా ఆ బాబును గుమ్మం బయట నిలబెట్టడం, "సే సారీ" అనడం. వాడు రోజుకు నాలుగుసార్లు సారీ చెప్పేవాడు. ఐదోసారి మళ్లీ కొట్టేవాడు.

ఒక రోజు ఆటల పీరియడ్‌లో వాడు టెడ్డీబేర్‌ను తలుపు దగ్గర గోడకు ఆనించి నిలబెట్టి, వేలు చూపిస్తూ "స్టాండ్ అవుట్‌సైడ్! సే సారీ!" అంటున్నాడు. ఆ గొంతు అచ్చం నాదే. నేను ఇన్ని రోజులు వాడికి నేర్పింది ఇదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు ఇంటికి కబురు పెట్టాను. వాళ్ల అమ్మ, నానమ్మ ఇద్దరూ వచ్చారు. వాళ్ల తాత షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి భారం కొడుకు మీద పడింది, ఆయన గల్ఫ్ బాట పట్టాడు. మన బోధన్, నిజామాబాద్ వైపు ఇది కొత్త కథ కాదు. మన పిల్లల్లో ఎందరికో నాన్న అంటే సాయంత్రం ఫోన్ తెర మీద కనిపించే మొహం. ఈ బాబు వాళ్ల నాన్న దసరాకు సెలవు మీద వచ్చి, నలభై రోజులు ఉండాల్సింది ఇరవై రోజులకే తిరిగి వెళ్లాడట.

"ఇంట్ల గూడ గట్లనే చేస్తుండు మేడం. ఫోన్ ఇస్తేనే చుప్ అయితడు. మీరే రెండు దెబ్బలెయ్యండి, మేమేం అనుకోం" అంది వాళ్ల అమ్మ. కొట్టడానికి వీల్లేదని చెప్పాను. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడమూ, మనసు నొప్పించేలా హింసించడమూ నిషిద్ధం. అది చెబుతున్నప్పుడే నాకు గుమ్మం బయట నిలబెట్టడం గుర్తొచ్చి మాట తడబడింది.

అప్పటిదాకా మౌనంగా ఉన్న నానమ్మ నోరు విప్పింది. "మా చిన్నప్పుడు చెరువు నీళ్లు తెచ్చుకునేటోళ్లం బిడ్డా. వానకాలంల అన్నీ బురద నీళ్లు. బిందె లోపల చిల్లగింజ అరగదీసి, నీళ్లు పోసి, మూల పెట్టేటోళ్లం. కదిలియ్యకుంటే అయ్యే తేరుకుంటుండె. నడుమల చెయ్యి పెడితె మల్ల బురదనే. గీ పోరడు గంతే. వాడు బురదగ ఉన్నప్పుడే నువ్వు చెయ్యి పెడుతున్నవ్."

బీఈడీలో చైల్డ్ సైకాలజీ పేపర్ రాసి పాసైన నాకు ఆ పెద్దావిడ ఒక్క నిమిషంలో పాఠం చెప్పింది. మన తెలుగులో నీళ్లు తేరుకుంటాయి, మనిషీ తేరుకుంటాడు. రెంటికీ ఒకే మాట. కావాల్సిందీ ఒకటే, కాస్త సమయం, కదిలించకుండా ఉండడం.

పుస్తకాలు చెప్పేదీ అదే. కోపాన్ని ఆపుకోవడం, ఆగి ఆలోచించడం అనే పనులు చూసేది మెదడులోని ముందు భాగం. అది పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. ఐదేళ్ల పిల్లవాడు కోపంతో వణికిపోతున్నప్పుడు "ఎందుకు కొట్టావ్? తప్పా కాదా?" అని నిలదీస్తే ఆ మాట లోపలికి వెళ్లదు. ముందు ఒళ్లు చల్లబడాలి, తర్వాతే మాట.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని కొన్ని వస్తువులు చేశాను. కొన్ని చెడిపోయాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవి మీకు చెబుతాను.

1. తేట సీసా

లేబుల్ తీసేసిన చిన్న ప్లాస్టిక్ బాటిల్ తీసుకోండి. ముప్పావు వంతు గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు మూడు చెంచాల పారదర్శకమైన గమ్, ఒక చెంచా మెరుపులు వేసి బాగా కలపండి. గమ్ ఎక్కువైతే మెరుపులు నెమ్మదిగా దిగుతాయి, తక్కువైతే గబుక్కున దిగుతాయి. రెండు మూడు నిమిషాల్లో అడుగుకు చేరేలా చూసుకోండి. గమ్ బదులు మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ కూడా పనికొస్తుంది. మూత చుట్టూ గట్టి గ్లూ పెట్టి, ఆరాక పైన టేప్ చుట్టండి.

మొదటిసారి నేను తెల్ల గమ్ పోశాను, సీసా అంతా పాలలాగా అయింది, మెరుపు ఒక్కటీ కనిపించలేదు. రెండోసారి అందంగా ఉంటుందని గాజు సీసా వాడాను. మా అన్నయ్య కొడుకు మొదటి రోజే పడేసి పగలగొట్టాడు. కాబట్టి గాజు వద్దు.

పిల్లవాడు కోపంగా ఉన్నప్పుడు సీసాను తానే గట్టిగా ఊపాలి. తర్వాత కింద పెట్టి మెరుపులన్నీ దిగేదాకా చూడాలి. మనం పక్కన కూర్చోవాలి, మాట్లాడకూడదు. ఇదే అన్నిటికంటే కష్టం, పిల్లలకు కాదు, మనకు.

2. ఊదే ఆట

ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. కానీ ఐదేళ్ల పిల్లలకు "డీప్ బ్రీత్ తీసుకో" అంటే భుజాలు ఎగరేసి మూడుసార్లు బుస కొడతారు. అందుకే వాళ్లకు ఊదడానికి ఏదైనా ఇవ్వాలి. పాత నోట్‌బుక్ కాగితంతో గాలిమర చేయండి. "గట్టిగా కాదు, ఎక్కువసేపు తిరిగేలా ఊదు" అనండి. గాలిమర లేకపోతే రెండు చేతులూ గిన్నెలా పెట్టి, అందులో వేడి పాలు ఉన్నాయనుకుని చల్లార్చమనండి. ఐదుసార్లు చాలు.

3. పిడికిలి సంచి

జత తప్పిన సాక్సు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. అందులో గుప్పెడు జొన్నలో పెసలో పోసి, మూతి రెండు వరుసలు గట్టిగా కుట్టండి. కొట్టాలనిపించిన చేతికి పిసకడానికి ఒక వస్తువు దొరుకుతుంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం దీన్ని అందకుండా పెట్టండి. కుట్టు ఊడితే గింజలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. వారానికోసారి కుట్టు చూసుకోండి.

4. తాబేలు

ఇది వస్తువు కాదు, ఆట. 1970ల్లో అమెరికాలో మార్లీన్ ష్నైడర్, ఆర్థర్ రాబిన్ అనే వాళ్లు క్లాసు పిల్లల కోసం తయారు చేశారు. కోపం రాగానే తాబేలులా చేతులు, తల దగ్గరికి ముడుచుకుని, కాసేపు ఊపిరి తీసుకుని, ఏం చేయాలో ఆలోచించి బయటికి రావడం. కాగితం ప్లేటుకు కాళ్లు, తల అతికించి ఇంట్లోనే ఒక తాబేలు చేయండి. తల లోపలికి వెళ్లేలా పెడితే పిల్లలు వదలరు.

5. మొహాల చక్రం

పాత పెళ్లిపత్రిక అట్టను గుండ్రంగా కత్తిరించి మొహాలు గీయండి. మధ్యలో ఒక ముల్లు పెట్టండి. నేను మొదట హ్యాపీ, శాడ్, యాంగ్రీ అని మూడే రాశాను. నేను ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని, క్లాసులో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని. ఆ బాబు ప్రతిసారీ ముల్లును యాంగ్రీ మీదే పెట్టేవాడు. "ఆర్ యూ యాంగ్రీ?" అంటే "యెస్ మేడం". అక్కడితో మాట ఆగిపోయేది.

నానమ్మ మాట గుర్తొచ్చి ఒక రోజు తెలుగులో అడిగాను, "లోపల ఎట్లుంది నాన్నా?" అని. వాడు చాలాసేపు సీసా వైపే చూశాడు. తర్వాత చిన్నగా అన్నాడు, "బుగులైతుంది టీచర్. అమ్మ గూడ విమానం ఎక్కి పోతదా?"

వాడిది కోపం కాదు, భయం. నాన్న చెప్పిన రోజు కంటే ముందే వెళ్లిపోయాడు, రేపు ఎవరు వెళ్తారో తెలియదు. ఆ భయానికి వాడి దగ్గర ఇంగ్లిష్ మాట లేదు. ఉన్న మాటను క్లాసులో నేనే ఆపేశాను. ఆ సాయంత్రమే వాళ్ల అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఫోన్‌లోనే ఏడ్చింది. ఆ రోజు నుంచి నిద్రపుచ్చేటప్పుడు "నేను ఎక్కడికీ పోను, పొద్దున లేచేసరికి ఇక్కడే ఉంటా" అని చెప్పడం మొదలుపెట్టింది. నాన్న కూడా క్యాలెండర్‌లో తాను వచ్చే నెల చుట్టూ గీత గీయించాడు.

ఇప్పుడు మా చక్రంలో అలక, బుగులు, సిగ్గు, ఆకలి కూడా ఉన్నాయి. ఆకలి ఎందుకంటే, మధ్యాహ్నం పన్నెండుకు వచ్చే కోపాల్లో సగం టిఫిన్ డబ్బా తెరిస్తే తగ్గిపోతాయి. మీరు మీ పిల్లలకు ఇంగ్లిష్ రావాలని ఫీజు కడుతున్నారు, మేం నేర్పిస్తాం. కానీ మనసులో మాట మాత్రం పిల్లలకు వచ్చిన భాషలోనే అడగండి. మీ ఇంట్లో అది ఉర్దూ అయితే ఉర్దూలో, మరాఠీ అయితే మరాఠీలో.

వాడేముందు కొన్ని మాటలు

కోపం వచ్చినప్పుడు మొదటిసారి సీసా చేతికిస్తే పిల్లలు విసిరేస్తారు. సంతోషంగా ఉన్నప్పుడే నాలుగైదు రోజులు ఆటలా అలవాటు చేయండి. గిజుభాయి 'పగటికల' పుస్తకంలో కూడా టీచర్ మొదటి రోజే మౌనం ఆట ఆడించబోతాడు, పిల్లలు గోల చేసి ఆయన్ను ఓడిస్తారు. మర్నాడు ఆయన కథలతో మొదలుపెడతాడు. ముందు స్నేహం కుదరాలి, తర్వాతే నిశ్శబ్దం.

ఇంట్లో ఒక మూల చాపో, బొంతో పరిచి ఈ వస్తువులు అక్కడ పెట్టండి. "పో, ఆ మూలకు పోయి కూర్చో" అని మాత్రం అనకండి. అలా అంటే అది కూడా నా గుమ్మం లాంటిదే అయిపోతుంది. "మనిద్దరం వెళ్దాం రా" అనండి.

చల్లబడడం అంటే తప్పును వదిలేయడం కాదు. తేరుకున్నాక మాట్లాడండి. కొట్టిన పిల్లవాడు వెళ్లి దెబ్బ తగిలిన వాళ్లకు నీళ్లు ఇవ్వాలి, విరగ్గొట్టింది అతికించడానికి చేయి కలపాలి. ఉత్త సారీ కంటే అది ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

ఫోన్ ఇస్తే ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ తేరుకోవడం రాదు. ఫోన్ తీసుకోగానే ఏడుపు అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది.

ఈ వస్తువులు మందు కాదు. పిల్లలు తమను తాము గాయపరచుకుంటున్నా, వచ్చిన మాటలు తగ్గిపోతున్నా, నెలలు గడిచినా మార్పు లేకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌ను కలవండి. ఒంటరిగా పిల్లల్ని చూసుకుంటూ మీకే మనసు బరువెక్కితే, ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఆ బాబు ఇప్పుడు ఫస్ట్ క్లాస్. పూర్తిగా మారిపోయాడని చెప్పను, అప్పుడప్పుడు ఇంకా చేయి లేస్తుంది. యూకేజీ చివరి నెలలో ఒక రోజు యాన్యువల్ డే పనుల ఒత్తిడిలో నేను క్లాసంతా అదిరిపోయేలా అరిచాను. అందరూ బిగుసుకుపోయారు. వాడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఊపుండ్రి టీచర్" అన్నాడు. ఊపాను. ముప్ఫై మంది పిల్లలు, నేను, మెరుపులు దిగేదాకా చూస్తూ కూర్చున్నాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఒక ఖాళీ ప్లాస్టిక్ బాటిల్, జత తప్పిన ఒక సాక్సు తెచ్చుకోండి. గమ్, మెరుపులు, జొన్నలు నా దగ్గర ఉంటాయి. ప్రోగ్రెస్ కార్డు చూసే ముందు పది నిమిషాలు కూర్చుని కలిసి చేద్దాం. నానమ్మలు, తాతయ్యలు వస్తే ఇంకా సంతోషం. చిల్లగింజ లాంటి మాట ఇంకోటి ఎవరి దగ్గర ఉందో!

మీ పిల్లల యూకేజీ టీచర్,
బోధన్ బ్రాంచ్