పానాల డబ్బా

స్కూటరున్న ప్రతి ఇంట్లోనూ పానాల డబ్బా ఒకటి ఉండేది. కొందరి ఇళ్లలో అది పాత డాల్డా డబ్బా, కొందరి ఇళ్లలో బిస్కెట్ల రేకు డబ్బా, కాస్త ముచ్చటపడ్డవాళ్ల దగ్గర ఆకుపచ్చ రంగేసిన ఇనప పెట్టె. మంచం కిందో, తలుపు మూలో, నీళ్ల మోటారు పక్కనో దాని చోటు. మూత తీస్తే గ్రీజూ కిరసనాయిలూ కలిసిన వాసన గుప్పుమనేది. లోపల పానాలు, రింగు స్పానర్లు, కటింగ్ ప్లయరు, ఫీలర్ గేజీ, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పాత ప్లగ్గులు, ఏ బండివో ఎవరికీ గుర్తులేని నట్లూ వాషర్లూ ఉండేవి. ఇప్పుడు ఆ డబ్బా దాదాపు ఏ ఇంట్లోనూ కనపడడం లేదు. దాంతోపాటు మనిషికీ బండికీ మధ్య ఉండిన చనువు కూడా పోయింది.

ఆ చనువుకు కారణం లేకపోలేదు. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే గానీ బండి ఇంటికి వచ్చేది కాదు. అలా వచ్చిన బండిని చీటికీ మాటికీ షెడ్డుకు తోలడానికి మనసూ ఒప్పేది కాదు, జేబూ ఒప్పేది కాదు. బెజవాడలో మా వీధిలో గుమాస్తాలూ, పంతుళ్లూ, పోస్టాఫీసు ఉద్యోగులూ అందరూ ఎంతో కొంత మెకానిక్కులే. ఆదివారం పొద్దున్నే లుంగీలు బిగించి, అరుగు ముందు గోనెపట్టా పరిచి కూర్చునేవారు.

మా నాన్నగారు ముందు బండి కుడివైపు రేకు తీసేవారు. చేతక్ ఇంజను ఆ పక్కనే ఉంటుంది. బండితో ఇచ్చిన గొట్టం పానా ప్లగ్గు మీద పెట్టి, దాని బెజ్జంలో కడ్డీ దూర్చి తిప్పేవారు. బయటికొచ్చిన ప్లగ్గును వెలుతురుకు పెట్టి చూడడం ఆ పనిలో అసలు ఘట్టం. మొన ఇటుక రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే పెట్రోలులో ఆయిలు ఎక్కువైనట్టో, గాలి సరిగా అందనట్టో. పెట్రోలు బంకులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ-టీ ఆయిలు కలిపించుకునే రోజులవి. ప్లగ్గు మొనను ఉప్పుకాగితంతో రుద్ది, ఫీలర్ గేజీ ఆకు దూర్చి సందు సరిచేసి, మళ్లీ పెట్టేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పేవారు. సిలిండరు హెడ్డు అల్యూమినియంది. మర వంకరగా ఎక్కితే హెడ్డు పాడవుతుంది. వేళ్లకు తేలిగ్గా తిరిగినంత సేపూ తిప్పి, ఆఖరి బిగింపుకే పానా అందుకునేవారు.

అందించే పని పిల్లలది. “పన్నెండు-పదమూడు ఇటివ్వు” అనేవారు. పానాకు రెండు మూతులు, రెండు నంబర్లు. పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను, పదహారు-పదిహేడు అని జంటలుగా ఉండేవి. చక్రం నట్ల సైజు పదమూడు. బడిలో ఎక్కాలు వచ్చినట్టే ఇవీ నోటికి వచ్చేసేవి. కొన్నాళ్లకు నట్టు తల చూడగానే సైజు చెప్పగలిగేవాళ్లం.

సాకెట్ సెట్టు మాత్రం ఆ తరంలో అందరి ఇళ్లలో ఉండే వస్తువు కాదు. అది షెడ్డు మేస్త్రీల సొత్తు. దాని సంగతి మా ఇంటిదాకా రావడానికి కారణం మా మేనమామ. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఒక పండక్కి వచ్చినప్పుడు, మాటల మధ్య మా నాన్నగారి పానా మూతి విచ్చుకుపోయిన సంగతి గమనించారు. మెత్తటి ఇనుముతో చేసిన పానా గట్టి నట్టు మీద రెండు మూడుసార్లు బలం పెడితే నోరు తెరిచేస్తుంది. ఆ తర్వాత పట్టు జారి నట్టు మూలలు అరుగుతాయి. ఇక ఏ పానాకూ పట్టు దొరకదు. “ఇంకో పానా కొనకండి బావగారూ, సాకెట్లు కొనండి. బస్టాండు దాకా వస్తున్నాను గదా, నేనే చూసి పెడతాను” అన్నారు.

బస్టాండు దగ్గరి పనిముట్ల దుకాణంలో మా మామయ్య సాకెట్లను ఎంచిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కౌంటరు మీద సేటు నాలుగు పెట్టెలు తెరిచి పెట్టాడు. అన్నీ తళతళలాడుతున్నాయి. మామయ్య జేబులోంచి 13, 17, 19 తలలున్న బోల్టులు మూడు తీసి వరసగా పెట్టారు. ఒక్కో సాకెట్టునూ బోల్టు తల మీద కూర్చోబెట్టి వేళ్లతో అటూ ఇటూ కదిపి చూశారు. లొడలొడమన్నవి పక్కకు నెట్టారు. బిగుతుగా, నిండుగా కూర్చున్నవి ఉంచారు. తర్వాత లోపలి అంచులో వేలు తిప్పారు. మెరుగుపూత లోపల గడ్డకట్టి ఉంటే తల సరిగా దిగదు. గోడ మందం అన్ని వైపులా ఒకేలా ఉందా అని వెలుతురుకు ఎత్తి చూశారు. నంబరు అచ్చు లోతుగా, అంచు తేలి ఉందా అని గమనించారు. “మెరుపు చూసి కొనకండి బావగారూ, నోరు చూసి కొనండి” అన్నారు.

ఒక దాంట్లో లోపల ఆరు మూలలు, మరో దాంట్లో పన్నెండు. పన్నెండు మూలల సాకెట్టు ఇరుకు చోట తొందరగా కుదురుకుంటుంది. కానీ అది నట్టును మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆరు మూలలది నట్టు పక్కలను నిండుగా హత్తుకుంటుంది. తుప్పు పట్టిన నట్టుకూ, ఇప్పటికే కాస్త అరిగిన నట్టుకూ ఆరు మూలలదే దిక్కు. ఇంటి బండికి అవే తీసుకోమన్నారు. ఆ రోజు విన్న ఆ మాట ఇప్పటికీ నూటికి నూరుపాళ్లూ నిజం.

తర్వాత సాకెట్టును తిప్పే పళ్ల పిడిని, అంటే ర్యాచెట్టును, చెవి దగ్గర పెట్టుకుని తిప్పారు. లోపలి పళ్ల శబ్దం ఒకే తూకంగా రావాలి. పళ్లెంత ఎక్కువుంటే అంత తక్కువ కదలికతో పని సాగుతుంది. 24 పళ్లున్న ర్యాచెట్టు 15 డిగ్రీలు కదిలితే గానీ తర్వాతి పన్ను అందుకోదు. 72 పళ్లున్నది 5 డిగ్రీలకే అందుకుంటుంది. ఇంజను పక్కన చెయ్యి కదపడానికి చోటు లేనప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. సాకెట్టు తల సైజు మిల్లీమీటర్లలో ఉంటే, వెనక పిడి దూరే చదరపు బెజ్జం మాత్రం అంగుళాల్లో ఉంటుంది: 1/4, 3/8, 1/2. ప్రపంచమంతటా ఇప్పటికీ ఇదే పద్ధతి. ఒక పిడికి అన్ని సైజుల సాకెట్లూ మార్చుకునే ఈ ఏర్పాటుతోనే 1920లో అమెరికాలోని మిల్వాకీలో స్నాప్-ఆన్ సంస్థ మొదలైంది. 5 పిడులూ 10 సాకెట్లూ కలిపి 50 పానాల పని చేస్తాయన్నది వాళ్ల తొలి ప్రకటన సారాంశం.

అప్పట్లో మనకు ఆ స్థాయి వస్తువులు తెలియవు. మనవి నాసిక్‌లో తయారయ్యే టపారియా, గెడోర్ ముద్ర ఉన్న జలానీ వాళ్ల పానాలు, జలంధర్, లూధియానాల నుంచి వచ్చే సరుకు. క్రోమ్ వెనేడియం అనే మాట సాకెట్టు మీద మొదటిసారి చదివింది ఆ దుకాణంలోనే. ఉక్కులో క్రోమియం, వెనేడియం కొద్ది పాళ్లలో కలిపి, సరిగ్గా కాచి చల్లారిస్తే సాకెట్టు విచ్చుకోదు, పెళుసై పగలదు. కాచడం సరిగా లేకపోతే ఆ అచ్చు ఉన్నా లాభం లేదు. అందుకే మామయ్య అచ్చును చదివారు గానీ, నమ్మింది బోల్టునే.

ఆ రోజుల్లో షెడ్డులో సైజుల లోకం ఎంత చిత్రంగా ఉండేదో ఈ తరానికి తెలియదు. అంబాసిడరుది ఇంగ్లండు పుట్టుక కాబట్టి నట్లు అంగుళాల లెక్క. దాని అరంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు. 13 సాకెట్టు ఎక్కుతుంది గానీ వదులు. 9/16 నట్టుకు 14 ఎక్కదు, 15 జారుతుంది. 3/4 కు మాత్రం 19 చక్కగా సరిపోతుంది. ఫియట్ ఇటలీది, అందులో 10, 13, 17 ఎక్కువ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక జపాను పద్ధతి వచ్చింది: 10, 12, 14, 17. పాత బుల్లెట్టు మోటారుసైకిలుకు విట్‌వర్త్ పానాలు. వాటి మీది అంకె నోటి వెడల్పు కాదు, బోల్టు కాండం లావు. పెద్ద మేస్త్రీ పెట్టెలో ఇన్ని దేశాల లెక్కలూ పక్కపక్కన పడుకుని ఉండేవి. బండి షెడ్డు గేటు దాటి లోపలికి వస్తూండగానే ఏ అర తెరవాలో ఆయన చేతికి తెలుసు.

పనిముట్టు కొనడంతో మామయ్య పాఠం అయిపోలేదు. బిగిసిన నట్టును ర్యాచెట్టుతో విప్పకూడదు, లోపలి పళ్లు విరుగుతాయి. ముందు టీ బారుతోనో పొడుగు పిడితోనో పట్టు వదిలించి, ఆ తర్వాతే ర్యాచెట్టు. నాలుగు నట్లున్న చోట ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. పని అయ్యాక ప్రతి సాకెట్టునూ కిరసనాయిలు గుడ్డతో తుడిచి దాని గూట్లో పెట్టాలి. ఖాళీ గూడు కనపడితే ఏదో బండి కిందే మిగిలిపోయినట్టు. పెట్టె మూసేముందు గూళ్లన్నీ చూసుకోవడం మా ఇంట్లో ఒక ఆచారమైంది.

తర్వాత ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. చేతక్ పెట్రోలు స్కూటరు తయారీ ముగిసింది. 2014లో అంబాసిడరూ, మారుతి 800 రెండూ ఆగిపోయాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. బండితో ఇచ్చే పానాల సంచి చిక్కిపోయి, కార్లలో జాకీ, చక్రం పానా మాత్రం మిగిలాయి. నాన్నల పానాలు పాత ఇనుము తూకానికి పోయాయి. హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేల మీద పరిచిన పాత పనిముట్లలో, పిడి మీద ఎవరో గోటితో చెక్కినట్టు సన్నగా గీసుకున్న ఇంటిపేరు మొదటి అక్షరాలు కనపడుతుంటాయి. ఏ ఆదివారపు అరుగులవో అవి.

కొత్త బళ్లు మంచివి. పొగ తక్కువ, మొరాయింపు తక్కువ. అయినా ఇంట్లో చేసుకోగల పని ఇంకా చాలా ఉంది: చక్రం మార్చడం, బ్యాటరీ తీగలు విప్పి శుభ్రం చేయడం, ప్లగ్గు చూడడం, ఇంజను ఆయిలు మార్చడం, వదులైన నంబరు ప్లేటు బిగించడం. దీనికి నూట యాభై ముక్కల పెట్టె అక్కర్లేదు. ఆ లెక్కలో సగం, మన బళ్లకు పనికిరాని అంగుళాల సైజులూ చిన్న చిన్న బిట్లూ. 8, 10, 12, 13, 14, 17, 19, 21 సైజుల్లో ఆరు మూలల సాకెట్లు, మంచి ర్యాచెట్టు ఒకటి, పొడుగు పిడి ఒకటి, పొట్టిదీ పొడుగుదీ ఎక్స్‌టెన్షన్లు, మీ బండికి సరిపోయే ప్లగ్గు సాకెట్టు. ఇవి చాలు. సికింద్రాబాదు రాణీగంజ్ లాంటి చోట విడి సాకెట్లూ దొరుకుతాయి. మీ బండి బోల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. కూర్చోబెట్టి, కదిపి చూసి కొనండి.

ఇంకొక్క మనవి. అటక మీద మీ నాన్నగారి పానాలుంటే పాత ఇనుముకు వేయకండి. కిరసనాయిలుతో కడిగి, నూనె రాసి దగ్గర పెట్టుకోండి. ఈసారి చక్రం విప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, సైజు చెప్పి అడిగి తీసుకోండి. పనిముట్టు పేరూ, అంకే, బరువూ చేతికి తెలిసిన పిల్లలకు ఏ యంత్రమన్నా భయం ఉండదు.