గుజరాతీ గల్లీలో గొంతు సవరణ

సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికే చంకలో అట్టపెట్టె బరువెక్కింది. అందులో రికార్డు ప్లేయరు... కొని నెల కూడా కాలేదు. చేతిసంచిలో నాన్న దాచుకున్న రికార్డు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, 1963లో తొలిసారి వచ్చిన ఎల్పీ. నాన్న పోయాక అది అటకెక్కింది. శనివారం పొద్దున్నే అమ్మకి వినిపిద్దామని ముచ్చటపడి ప్లేయరు కొన్నాను. తీరా పెడితే ఎమ్మెస్ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు పీలగా ఉంది. 'స' వచ్చిన చోటల్లా బుస. వెనకాల గుయ్‌మని ఒకటే రొద. నాలుగుసార్లు పెట్టి చూశాను, అంతే.

"రికార్డు పాడైపోయిందిలేరా, తీసెయ్" అంది అమ్మ.

ఆ మాటే నన్ను కోఠీ దాకా తరిమింది.

హైదరాబాద్‌లో పాటల పిచ్చి ఉన్నవాళ్లకు గుజరాతీ గల్లీ గురించి చెప్పక్కర్లేదు. సందుకి రెండువైపులా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, మైకులు, చుట్టలు చుట్టలుగా వైర్లు. ఒక దుకాణంలో 'హలో... మైక్ టెస్టింగ్', పక్కదాంట్లో డీజే బాక్సుల దడదడ. సౌండు బాగాలేదని ఇంత గోలలోకి రావడం భలే తమాషా! రెండు దుకాణాల్లో ప్లేయరు అనగానే తల అడ్డంగా ఊపారు. మూడో చోట, మేడమీది ఇరుకు గదిలో దొరికాడు మెకానిక్ పెద్దాయన.

ఆయన స్విచ్ కూడా వెయ్యలేదు. భూతద్దం పెట్టి ముల్లు వంక చూశాడు. "చూడుండ్రి సారూ, దూది పెట్టినట్టున్నది" అన్నాడు. నిజమే, ముల్లు చివర దుమ్ము ఉండకట్టింది. మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకి మాత్రమే తుడిచాడు. అడ్డంగా తుడిస్తే ముల్లు వంగిపోతుందట.

తర్వాత బుల్లి తూకం తీసి ముల్లుని దానిమీద ఆనించాడు. ఒక గ్రాము చూపించింది. కంపెనీ చెప్పింది రెండు గ్రాములు. తగ్గించింది నేనే! బరువు తక్కువైతే రికార్డు అరగదనుకున్నా. పెద్దాయన నవ్వాడు. "తక్కువుంటేనే ఎక్కువ పాడైతది సారూ." గాడిలో కుదురుగా కూర్చోని ముల్లు ఎగిరెగిరి గోడలకి తగులుతుందట. ఆ దెబ్బ తగిలిన చోట గాడి మళ్లీ మామూలవదు. నేను నాలుగుసార్లు పెట్టిన సంగతి గుర్తొచ్చి గుండె జారింది. చేతి వెనకున్న బరువుని తిప్పి, చెయ్యి గాల్లో సమంగా నిలిచాక సున్నా పెట్టి, అక్కణ్నుంచి రెండు గ్రాములకి తెచ్చాడు.

పీలగొంతుకి కారణం వేరు. రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, సన్నని ధ్వనులను పెంచుతారు. లేకపోతే గాడులు మరీ వెడల్పయి పాట తక్కువ పడుతుంది. 1950ల నుంచి ఇదే పద్ధతి. వినేటప్పుడు దాన్ని తిరగెయ్యడానికి, ముల్లు నుంచి వచ్చే అతి చిన్న కరెంటును పెంచడానికి 'ఫోనో ప్రీ ఆంప్' కావాలి. కొన్ని ప్లేయర్లలో లోపలే ఉంటుంది. నాదాంట్లో లేదు. నేను తిన్నగా ఆంప్లిఫయర్‌ ఆక్స్‌లో గుచ్చేశా. గుయ్‌మనే రొద సంగతంటారా... ప్లేయరు వెనక సన్నటి ఎర్తు వైరు ఉంటే, ఎందుకూ పనికిరాదని రబ్బరు బ్యాండు వేసి చుట్టేశాను!

సంచిలో మరో రికార్డు చూసి పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. తాతయ్య నాటి 78. "ఇది పెట్టలేదు కద?" లేదన్నాక తెరిపినపడ్డాడు. దాని గాడి చాలా వెడల్పు, ఎల్పీ ముల్లు అడుగున గీరుకుపోతుంది. వేరే ముల్లు కావాలి.

శనివారం తెల్లారి. స్పీకర్లు బల్ల మీంచి దించాను, వాటి అదురు ముల్లుకి తగలకూడదని. అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చుంది. ఎమ్మెస్ గొంతు నిండుగా గదంతా పరుచుకుంది. మధ్యలో ఒకచోట టక్కుమంది. నా నిర్వాకమే అనుకుని అమ్మ వంక చూశా.

"అది ఎప్పటిదోరా. మీ నాన్న చెయ్యి జారితే పడింది" అంది.