అమ్మకు నాన్న జ్ఞాపకాలు

మా యింటి సంగతి ఒకటి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మాది వడ్డాది. మేము అన్నదమ్ములము ఇద్దరము. 2021లో నాన్న ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మ మాటలు తగ్గించేసింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకొనేది. ఆమెకు బాధ కలుగుతుందని మేము నాన్న పేరే ఎత్తలేదు. ఫోటో తీసి పెట్టెలో పెట్టాము, కండువా దాచేశాము. మేలు చేస్తున్నామనే అనుకున్నాము.

సంక్రాంతి దాటింది. మా ప్రాంతంలో అవి గానుగాట రోజులు. ఒక సాయంత్రం పొరుగువారు ఆకులో కొంచెం వేడి బెల్లం పంపించారు. అమ్మ నోట్లో వేసుకొని, "ఏటర్రా, పాకం ముదరకుండానే దింపేసినారు! మీ నాయనైతే ఊరుకుందురా?" అన్నది. ఎన్నాళ్లకో అంత పొడుగు మాట! "నాన్న ఎలా చూసేవారమ్మా?" అని అడిగాము.

చెప్పింది. పెనంలో పాకం పొంగుతుంటే ఆయన చిటికెడు తీసి చన్నీళ్లలో వేయటం, వేళ్ల మధ్య ఉండ కడితేనే దింపమనటం, మేమిద్దరం ఆకులు పట్టుకొని కాచుకొని ఉండటం. ఒకసారి నిద్రమత్తులో ఆయనే పాకం మాడ్చేసి, ఎవరికీ చెప్పవద్దని అమ్మను బతిమాలుకున్నారట! అది మాకు ఆనాటి వరకు తెలియదు. అమ్మ నవ్వింది, తరువాత ఏడ్చింది. ఆ రాత్రి అడిగి అన్నం పెట్టించుకున్నది. మర్నాడే ఫోటో గోడకెక్కింది.

పెద్దవారు పాత సంగతులు తవ్వుకోవటం మతి తప్పటానికి గుర్తని ఒకప్పుడు వైద్యులలో కూడా చాలామంది తలచేవారు. అది సహజమేననీ, గడచిన జీవితాన్ని సరిచూసుకోవటానికి వారికి అవసరమనీ 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా వైద్యుడు వ్రాశాడు.

అన్ని రోజులూ ఒకలాగుండవు. 77వ కీర్తనలో ఆసాపుకు కూడా జ్ఞాపకం చేసుకోవటమే మొదట మూలుగు తెచ్చింది గదా! "జ్ఞాపకముందా?" అని పరీక్షలాగ అడిగితే అమ్మ విసుక్కొనేది. కండువా చేతికిస్తే మాటలు వాటంతటవే వచ్చేవి. నిద్ర పట్టని వారాల్లో డాక్టరుగారి దగ్గరకు కూడా తీసుకువెళ్లాము. కబుర్లతోనే అంతా నయమైందని చెప్పలేము.

ఇప్పుడు మనుమరాలు ఆమె చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాస్తున్నది. 2022 నుండి మా ఊరు అనకాపల్లి జిల్లాలోనిది గనుక పిల్ల మొదటి పేజీలో అలాగే వ్రాసింది. అమ్మ ఒప్పుకోలేదు. "మీ తాత బతికింది ఇశాపట్నం జిల్లాలోనే" అని కొట్టించి, మళ్లీ వ్రాయించింది.