ఇందులో ఏం కలిపారు?

కైమాతో ఉండలు చేసినా, కబాబులు చేసినా, కట్లెట్లు చేసినా ఒకటే బెంగ. నూనెలో వేయగానే విచ్చిపోతాయేమోనని! అందుకే ఏదో ఒకటి కలుపుతాం. ఆ 'ఏదో ఒకటి' ఏమిటన్న ప్రశ్న మా ఇంట్లో అమ్మ కాలం నుంచీ ఉంది. ప్రశ్న అదే అయినా, అప్పటికీ ఇప్పటికీ దాని అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారిది చిన్న ఉద్యోగం, ఇంట్లో తొమ్మిది మందిమి. కనుమ రోజున అరకిలో కైమా వచ్చేది. అది తొమ్మిది మందికి ఏ మూలకి? అమ్మ అల్లం, పచ్చిమిర్చి వేసి కైమాని దగ్గరికి ఉడికించేది. పావుకిలో శనగపప్పు విడిగా ఉడికించి, నీళ్లు వార్చి, రెండూ కలిపి రుబ్బురోట్లో రుబ్బేది. మనిషికి మూడేసి ఉండలు వచ్చేవి. పండక్కొచ్చిన మేనత్త మాత్రం ఒకటి నోట్లో వేసుకుని, "ఇందులో మాంసమెంత, పప్పెంత వదినా?" అనేది. నవ్వుతూనే అనేదిలెండి. అమ్మా నవ్వేసేది. కానీ ఆ పూట అందరూ తిని లేచేదాకా వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. అందరం ఖాలా అనే పిలిచేవాళ్లం. ఆవిడ షామీ కబాబు చేస్తుంటే దగ్గరుండి చూశాను. అరకిలో కైమాకి నూరు గ్రాముల పైచిలుకు శనగపప్పు, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, గరం మసాలా దినుసులు అన్నీ ఒకే గిన్నెలో వేసి, చుక్క నీరు మిగలకుండా ఉడికించి రుబ్బారు. "పప్పు ఎందుకు ఖాలా?" అని అడిగితే, "పప్పు లేకపోతే అది షామీ ఎలా అవుతుంది బేటీ?" అన్నారు. అదే ముద్ద మధ్యలో గట్టి పెరుగు, ఉల్లి, పుదీనా పెట్టి మూసేస్తే శికంపురి. శికం అంటే ఫారసీలో పొట్ట, పుర్ అంటే నిండినది. అంటే పొట్ట నిండిన కబాబన్నమాట.

ఆ రాత్రే అమ్మకి ఉత్తరం రాశాను. 'నువ్వు చేసినట్టే ఇక్కడ పెళ్లి విందుల్లో చేసి వడ్డిస్తారమ్మా' అని. 'ఆ ముక్కేదో మీ అత్తకి రాయి' అని జవాబొచ్చింది!

నలభై ఏళ్ల వంటలో నాకు అర్థమైంది ఇది. మనం కలిపే వాటిలో కొన్ని పట్టు కోసం, కొన్ని పెంపు కోసం. గుడ్డు పట్టునిస్తుంది, వేడికి గట్టిపడుతుంది కాబట్టి. ఉడికించి మెదిపిన బంగాళాదుంప పెంపుకి మంచిది, ముద్ద మెత్తగా కూడా ఉంటుంది. శనగపప్పు, పుట్నాల పొడి రెండు పనులూ చేస్తాయి. పుట్నాలు ముందే వేగి ఉంటాయి కనుక పచ్చివాసన రాదు, తడిని పీల్చేస్తాయి. అరకిలో పచ్చి కైమాకి మూడు నాలుగు చెంచాల పొడి చాలు. ఎక్కువైతే ఉండ పిండిపిండిగా ఉంటుంది. శనగపిండి వాడేట్టయితే కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించుకోవాలి. చెంచాడు బియ్యప్పిండి వేస్తే పైన కరకరలాడుతుంది.

అసలు వీటన్నిటికన్నా ముందు ఉప్పు. పచ్చి కైమాలో ఉప్పు వేసి అయిదు నిమిషాలు గట్టిగా పిసికితే మాంసంలోని జిగురు బయటికొచ్చి దానంతటదే పట్టుకుంటుంది. ఉల్లి తరుగు నీరు పిండేసి వేయండి. పచ్చి బొప్పాయి పట్టు కోసం కాదు, మెత్తదనం కోసం. ఎక్కువ వేసినా, ఎక్కువసేపు నానబెట్టినా ముద్ద జావ అయిపోతుంది. ముందు ఒక చిన్న ఉండ వేయించి చూసి, ఆ తర్వాతే మిగతావి చుట్టుకోండి.

ఈ లెక్కలన్నీ మూడేళ్ల క్రితం మళ్లీ కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది. మా అమ్మాయి కొడుక్కి సీలియాక్ జబ్బని డాక్టరు తేల్చారు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ వాడి పేగుకి పడదు. మందు లేదు, జీవితాంతం మానేయడమే. కైమాలో గోధుమ ఏముంటుందిలే అనుకుంటాం. కానీ బ్రెడ్డు పొడి, రస్కు పొడి, మైదా, బొంబాయి రవ్వ... అన్నీ గోధుమే కదా!

ఒక పెళ్లిలో కట్లెట్లు పెడుతుంటే మా అమ్మాయి వడ్డించేవాళ్లని అడిగింది, "ఇందులో ఏం కలిపారండీ?" అని. "మాంసం, మసాలా. ఇంకేం లేదమ్మా, మంచి క్వాలిటీ" అన్నారు, కాస్త నొచ్చుకున్నట్టుగానే. పిల్లాడు ఒకటి తిన్నాడు. మూడు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. తర్వాత వాకబు చేస్తే తెలిసింది, కైమాలో రస్కు పొడి కలిపారట. అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. ఏం కలిపావని అడగడమంటే ఎత్తిపొడుపేనని మనకి అలవాటైపోయింది. అందుకే అడిగినవాళ్లకి నిజం చెప్పబుద్ధి కాదు.

ఇప్పుడు మా ఇంట్లో పుట్నాలు ఏరి, మిక్సీలో మేమే పొడి కొట్టుకుంటాం. పిండిమరలో మనకన్నా ముందు ఎవరి గోధుమలు ఆడారో ఎవరికి తెలుసు? వాడికి పుట్నాల కైమా ఉండలంటే ప్రాణం.

కైమాలో పప్పు వేయడం తప్పు కాదు, తక్కువా కాదు. గుడ్డు వేస్తే గుడ్డని, బ్రెడ్డు వేస్తే బ్రెడ్డని, వేరుశనగ వేస్తే వేరుశనగని చెప్పండి, చాలు. ఎవరికి ఏది పడదో చూస్తే తెలియదు కదా. వీలైతే వాళ్లు అడగకముందే చెప్పండి.

మొన్న మా మనవడు స్నేహితుడి పుట్టినరోజుకి వెళ్లి, "ఇందులో ఏం కలిపారు ఆంటీ?" అని వాడే అడిగాడట. తొమ్మిదేళ్లు వాడికి. ఆ తల్లి నొచ్చుకోలేదు. వంటింట్లోకి వెళ్లి ప్యాకెట్టు తెచ్చి, వెనక్కి తిప్పి చదివి, "ఇది నీకొద్దు నాన్నా" అని రెండు అరటిపళ్లు చేతిలో పెట్టిందట. ఆ ఇంటికి వాణ్ని ఎన్నిసార్లయినా నిశ్చింతగా పంపిస్తాం.