ముగ్గు చెరిపించిన పిన్ని

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు మా పిన్నివాళ్ళ తాటాకిల్లూ పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కొత్త ఇంటి పునాదికి మేస్త్రి ముగ్గు పోస్తుంటే పిన్ని ఆపింది. "ఆగవయ్యా! పొయ్యి దగ్గర కిటికీ లేకపోతే పొగంతా నా కళ్ళలోకే. బేస్‌మెంటు మోకాలెత్తు లేపు, కాలవ పొంగితే నీళ్ళు లోపలికొస్తాయి" అంది. బాబాయి నవ్వాడు. మేస్త్రి మాత్రం ముగ్గు చెరిపి మళ్ళీ పోశాడు.

కేరళలో లారీ బేకర్ ఇళ్ళ గురించి చదివాక, ఉండబోయేవాళ్ళతో మాట్లాడి గీత గీసే ఆయన పద్ధతి తెలిశాక, ఆ ముగ్గు గుర్తొచ్చింది. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు పిన్నిలోని ఆర్కిటెక్టు కనపడ్డానికి ఇన్నేళ్ళు పట్టింది!

2020 డిసెంబరు 25న అప్పటి మా తూర్పు గోదావరి జిల్లా కొమరగిరిలో ఇళ్ళస్థలాల పంపిణీ మొదలైంది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. పట్టాలు స్త్రీల పేరున. "నా ఇంట్లోంచి ఫో" అనే మొగుడికి ఆ కాగితం ఒక జవాబు. కాదనను. కానీ 340 చదరపు అడుగుల నమూనా ముందే గీసి ఉంది. పొయ్యి ఎక్కడమ్మా అన్న ప్రశ్నకి అందులో చోటేది?

పట్టా మీద పేరుంటే చాలదు. ముగ్గు పోసేటప్పుడు "ఆగవయ్యా" అనే హక్కూ కావాలి మనకి.